ట్యాంకు మూత దగ్గర లాంతరు

మా మేస్త్రి పోయాడని ద్వారకా నగర్‌లో బస్సు దిగుతుండగా ఫోనొచ్చింది. నిద్రలోనే పోయాడట. నాకు నమ్మబుద్ధి కాలేదు. జీవితంలో ఏ పనీ చప్పుడు లేకుండా చేసిన మనిషి కాదు ఆయన.

చాలామందికి ఆయన ఉత్త కోపిష్టి. అబద్ధమేమీ కాదు. కాంట్రాక్టరు నోట్లో వెలుగుతున్న సిగరెట్టును చెంపదెబ్బతో ఎగరగొట్టిన రోజు నేనక్కడే ఉన్నాను. ఫోను మాట్లాడుతూ గొయ్యి దగ్గరికొచ్చిన ఇంజనీరు చేతిలోంచి దాన్ని లాక్కుని గోడకేసి కొట్టాడు. భూమిలో పాతిన పాత పెట్రోలు ట్యాంకులు తవ్వి తీయడం ఆయన పని. ఆ పనిలో మర్యాదలకు టైముండదనేవాడు.

నేను ఆయన దగ్గర చేరింది పోర్టుకు దగ్గరలోని ఒక ప్రభుత్వ వాహనాల షెడ్డులో. అక్కడి ట్యాంకు తుప్పుపట్టి ఎప్పటినుంచో కారుతోంది. పక్క కాలనీలో బోరింగు కొడితే నీళ్లు పెట్రోలు వాసన కొట్టేవి. ఆడవాళ్లు బిందెలు తెచ్చి షెడ్డు గేటుకేసి బాదితే గానీ అధికారులు కదల్లేదు. తడిసిన మట్టి తవ్వెయ్యాలి, ట్యాంకు ఖాళీ చెయ్యాలి, అడుగున మిగిలిన మడ్డి తియ్యాలి. మడ్డి కోసం లోపలికి దిగాల్సింది నేను.

మాది పద్మనాభం వైపు పల్లె. పాడుబడ్డ నూతిలోకి దిగేముందు మేం తాడుకి లాంతరు కట్టి కిందికి వదులుతాం. దీపం ఆరిపోతే లోపల గాలి లేదని లెక్క, మనిషి దిగడు. మా నాన్న నేర్పిన జాగ్రత్త అది. ఆ రోజు మధ్యాహ్నం, గాలి పరీక్ష చేసే మిషను వచ్చేదాకా ఆగమని చెప్పి మేస్త్రి భోజనానికి వెళ్లాడు. నేను వాచ్‌మన్ గదిలోంచి లాంతరు, అగ్గిపెట్టె తెచ్చాను. మూత తీసిన ట్యాంకు పక్కనే గొంతుక్కూర్చుని పుల్ల తీశాను. ఎంత బుద్ధిమంతుడినో అని నన్ను నేనే మెచ్చుకుంటున్నాను కూడా.

వెనకనుంచి దెబ్బ పడింది. ట్యాంకులో లోతు చూసే ఇత్తడి కడ్డీ అది. కుడి భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. భోజనం నుంచి తిరిగొచ్చిన మేస్త్రి, పడ్డవాణ్ని పడ్డట్టే కాలు పట్టి గేటు దాకా ఈడ్చాడు. లేచి ఎడం చేత్తో మూతి మీద గుద్దాను. ఆయన ముందు పన్నూడింది. నెత్తురు ఉమ్మేసి, స్కూటరు తీసి, "ఎక్కు, ఆస్పత్రికెల్దాం" అన్నాడు. దారంతా ఆయన్ని బూతులు తిడుతూనే ఉన్నాను.

మూడోరోజు కట్టుతో వచ్చాను, కేసు పెడతానని చెప్పడానికి.

"దీపం ఎలిగిత్తే ఎముక ఇరగ్గొడతావేటి? పిలిస్తే పలకనా నాను?"

"పిలిస్తే తలెత్తి సూసి, ఏటి మేస్త్రీ అంటావ్. ఈలోపల పుల్ల గీసేత్తావ్."

ట్యాంకు కింది మట్టి గుప్పెడు తీసి ఒక రేకు డబ్బాలో వేసి మూత బిగించాడు. పక్కన చిన్న చిల్లు పెట్టాడు. షెడ్డుకు బాగా దూరంగా, ఖాళీ స్థలంలో, పొడుగాటి కర్రకి గుడ్డ చుట్టి అంటించి ఆ చిల్లు దగ్గర పెట్టాడు. మూత ఎగిరిపోయి ప్రహరీకి తగిలింది, పెచ్చు ఊడిపడింది.

"గుప్పెడు మట్టికే ఇలగుంది. ట్యాంకంతా అంటుకుంటే ఏటవుతాదో సెప్పు. పక్కన కాలనీ ఉంది."

నాకప్పటికే ఇద్దరు పిల్లలు. అక్కడే కూలబడి ఏడ్చాను.

కొట్టినందుకు ఆయన ఏనాడూ బాధపడలేదు. పన్ను సంగతి నేనూ ఎత్తలేదు. కానీ ముసురు పట్టినప్పుడల్లా ఫోను చేసేవాడు.

"భుజం నొప్పెడతన్నాదా?"

"పెడతన్నాది మేస్త్రీ."

"అయితే బతికే ఉన్నావ్" అని పెట్టేసేవాడు. అన్నేళ్లలో మా మధ్య పలకరింపంటే అదే.

ఆనందపురంలో వాళ్లింటికి చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. కొంచెం తెరిచిన నోట్లో ఆ పన్ను సందు కనిపిస్తోంది. నా భుజం సంగతి తెలిసిన వాళ్లబ్బాయి పాడెను ఎడం భుజం మీద పెట్టుకోమన్నాడు. నేను కుడి భుజమే ఇచ్చాను. సన్నగా వాన మొదలైంది. నాలుగడుగులు వేసేసరికి విరిగిన చోటే వెదురు నొక్కుకుంది.

"నొప్పెడతన్నాది మేస్త్రీ" అన్నాను, పైకే.