నిస్పృహ లేదని రాసిన నూట నలభై కాగితాలు

హారతి పిచ్చి కుదిర్చే చదువు చదివిందని వలస వచ్చి కడోదరాలో మగ్గాలు నడిపే తెలుగువాళ్ళు చెప్పుకున్నారు. ఆమెది మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ.; వైద్యం చేసే అర్హత ఆ పట్టాకు లేదు. మిల్లు యజమాని సేఠ్ పంపిన మనిషని కొందరు అనుమానించారు. ఆమెకు జీతమిచ్చింది ఒక పరిశోధన ప్రాజెక్టు. కార్మికుల నోట తానే మాట పెట్టిందని తోటి పరిశోధకులు అన్నారు. కార్మికుల కోసం గురువును ఎదిరించిందని వాడలో అన్నారు. ఈ నాలుగింటిలో ఏదీ సాక్ష్యానికి నిలవదు.

మరమగ్గాల కార్మికుల మానసిక స్థితిపై ఆ అధ్యయనం నడిపింది ప్రొఫెసర్ భాగీరథి. రైల్వే ఉద్యోగి కుమార్తె. ప్రశ్నావళిని శ్రద్ధగా తెలుగు చేసింది కూడా ఆమే. ఎనిమిదో ప్రశ్న ఇలా ఉండేది: "గత రెండు వారాలలో మీరు నిస్పృహకు లోనయ్యారా?" అవునన్నవారిని ఉచితంగా చూసే మానసిక వైద్యుడి దగ్గరకు పంపాలి. నూట నలభై మందిని అడిగి ముగిస్తే హారతిని పీహెచ్‌డీకి తీసుకుంటానని భాగీరథి మాట ఇచ్చింది. అది తప్పితే హారతికి కనిపించేవి రెండే దారులు: మిల్లులో హాజరు పట్టీ చూసే కొలువు, దగ్గర్లోని కామ్‌రేజ్ ఊరి బడిలో ఏడాది ఒప్పందం మీద కౌన్సెలర్ పని.

"మందిని ప్రశ్నలడుగుడు గూడ కొలువేనానే?" అని తల్లి ఎల్లవ్వ దెప్పేది. "ఆ బడోళ్లు పిలుస్తున్నరు, పోరాదు."

ముప్ఫై ఒకటో మనిషి పరమేశ్. ఇరవై ఏళ్ళుగా హారతి వాళ్ళ ఇళ్ళ వరుసలోనే ఉంటున్నాడు; ఆమెకు చిన్నాన్న వరస, కాకా అని పిలుస్తుంది. ప్రశ్న వినగానే నిటారుగా నిలబడ్డాడు.

"లేదు బిడ్డా. పన్నెండు గంటలు నిలబడే ఉంట, ఒక్కనాడు స్పృహ తప్పలే. గట్లనే రాయి, లేకుంటె సేఠ్ మగ్గం గుంజుకుంటడు."

"స్పృహ గాదు కాకా, మనసు సంగతి."

"మనసైతే మనసని అడుగరాదు? గీ కాగితం భాష ఎవలిదే?"

అంతకు ముందు ముప్ఫై మంది అంత గట్టిగా లేదనడానికి కారణం హారతికి అప్పుడు తెలిసింది. వెంటనే భాగీరథికి ఫోన్ చేసింది.

"సగంలో పదం మారిస్తే సమాధానాలను ఒకదానితో ఒకటి పోల్చలేమమ్మా," అంది భాగీరథి. "ముందు ఉన్నది ఉన్నట్టు పూర్తి చెయ్యి."

ఆ అభ్యంతరం న్యాయమైనదే. హారతిని బంధించింది కూడా అదే. మూడు వారాలపాటు, తప్పని తెలిసిన మాటనే అక్షరం మార్చకుండా చదివింది. ఎదుటివాడు తలెత్తి లేదనేవాడు. ఆమె పెన్ను లేదనే రాసేది. షెడ్డులోంచి బయటికి వచ్చినా మగ్గాల చప్పుడు చెవిలో ఆగేది కాదు. నూట నలభైకి నూట నలభై మందీ హాయిగా ఉన్నట్టు తేలింది.

కాగితాలు అప్పగించే ముందు ఆమె పరమేశ్‌ను టీ బండి దగ్గర పట్టుకుంది.

"కాకా, రంది ఉన్నదా?" అని దిగులుకు వాడలో అనే మాటతోనే అడిగింది.

అతడు సాసర్‌లో టీ పోసుకుంటూ ఆగిపోయాడు. "రంది లేని దినమేది బిడ్డా? ఎందుకు లేస్తున్ననో, ఎందుకు పంటున్ననో సమజే అయితలేదు. ఇన్ని దినాలకు అడిగినవు."

మరో పందొమ్మిది మందిని అదే మాటతో అడిగింది. మొత్తం ఇరవై మందిలో పదముగ్గురు ఉందన్నారు. పాత జవాబులు దిద్దలేదు. కొత్తవి వేరే కాగితం మీద రాసి, తప్పని తెలిసీ పాత మాటతో అడిగిందీ, అనుమతి లేకుండా మళ్ళీ అడిగిందీ ఒప్పుకొని, కింద సంతకం పెట్టింది.

భాగీరథి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "అనువాదం తప్పు నాది. చెప్పకుండా మళ్ళీ అడగడం నీ తప్పు. ఎనిమిదో ప్రశ్న తీసేస్తాను, ఈ పదముగ్గురినీ డాక్టరు దగ్గరకు పంపుతాను. నిన్ను మాత్రం తీసుకోలేను హారతీ."

హారతి ఇప్పుడు కామ్‌రేజ్ బడిలో కౌన్సెలర్. ఒప్పందం ఏటేటా పొడిగిస్తున్నారు; పీహెచ్‌డీ దరఖాస్తులో గత ప్రాజెక్టు గురువు ఉత్తరం జతచేయమన్న చోట ఏటేటా ఖాళీయే.

ఆమె ఎవరినీ ఎదిరించలేదు, ఎవరికీ నయం చేయలేదు. నూట తొమ్మిది మందిని తప్పని తెలిసీ తప్పు మాటతో అడిగింది. తర్వాత ఇరవై మందిని సరైన మాటతో అడిగి, రెండు పనుల కిందా తన పేరే రాసింది. చేసింది అంతే.