నలభై నిమిషాల క్లాసులో ముప్పై ఆరు నావే: ఎస్తేరు గారికి

కిరణ్, నిన్న గ్రూపులో "మనకు ఇంగ్లీష్ నేర్పిన ఎస్తేరు మేడమ్ ఇక లేరు" అని రాశావు.

రెండో సగం నిజం. మొదటి సగం తప్పు.

మనకు ఇంగ్లీష్ ముందే వచ్చు. పెద్దవాళ్లకు దాన్ని ఎలా నేర్పాలో ఆవిడ నేర్పారు. నా విషయంలో అయితే, ముందు నోరు మూసుకోవడం నేర్పారు.

నిన్న పొద్దున బెండకాయలు తరుగుతుంటే ఆవిడ చెల్లెలి ఫోన్. "అక్క నిద్రలోనే వెళ్లిపోయిందండీ."

"ఏ అక్క?" అన్నాను. తెలిసే అడిగాను.

ఆవిడకు యాభై నాలుగు. నాకు అరవై తొమ్మిది. ఈ వరస నాకేమీ నచ్చలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. విజయవాడలో ఒక చర్చి హాల్లో శనివారాలు పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు జరుగుతాయి. అక్కడ చెప్పే టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చింది ఎస్తేరు గారే. రెండేళ్ల కిందట చేరిన మా బ్యాచ్‌లో ఎనిమిది మందిమి. అందరికంటే చిన్నవాడు ఈ కిరణ్. అందరికంటే పెద్దది ఎవరో చెప్పక్కర్లేదు.

ఉయ్యూరు దగ్గర హైస్కూల్లో ముప్పై మూడేళ్లు ఇంగ్లీష్ చెప్పి రిటైరైనదాన్ని. నాకు ట్రైనింగేమిటి, సర్టిఫికెట్ తీసుకుని వచ్చేద్దాం అనుకుని వెళ్లాను.

అక్కడ పద్ధతి వేరు. మనం నిజమైన స్టూడెంట్లకే పాఠం చెప్పాలి. ఆవిడ వెనక కూర్చుని నోట్స్ రాసుకుంటారు.

నా మొదటి క్లాసులో నాగమణిని లేపాను. మంగళగిరిలో చీరలు నేస్తుంది. ఆన్‌లైన్లో అమ్ముతుంది. బెంగళూరు కస్టమర్లు వీడియో కాల్ చేస్తే మాట్లాడేది మాత్రం ఆమె మరిది. "చీర నాదండీ, మాట ఆడిది" అనేది. తన చీర గురించి తనే మాట్లాడాలని బస్సెక్కి వచ్చేది.

"నీ పని గురించి చెప్పమ్మా" అన్నాను.

చెప్పసాగింది. ప్రతి వాక్యం దగ్గరా ఆపాను. దిద్దాను. మళ్లీ చెప్పించాను. క్లాసు బ్రహ్మాండంగా జరిగిందనుకుని, మెచ్చుకోలు కోసం వెనక్కి చూశాను.

"నలభై నిమిషాల్లో ముప్పై ఆరు మీరే మాట్లాడారు భారతి గారూ" అన్నారు ఎస్తేరు గారు. "మీకు మంచి ప్రాక్టీస్ అయిందండీ."

తరవాతి శనివారం నాగమణి రాలేదు. ఫోన్ చేస్తే జ్వరమంది. ఆ పై వారం చుట్టాలొచ్చారంది.

ఆ రోజే ఎస్తేరు గారు మాకు మలయాళంలో పాఠం చెప్పారు. కేరళలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. గంటసేపు ఒక్క తెలుగు ముక్క లేదు, ఇంగ్లీష్ ముక్కా లేదు. పళ్లెం, గ్లాసు, చెంచా చూపిస్తారు. వాటి పేర్లు మేం చెప్పాలి.

నా వంతు వచ్చింది. గ్లాసు కళ్లెదురుగా ఉంది. పేరు మాత్రం రాదు. ఏదో అన్నాను.

ఒకడు కిసుక్కున నవ్వాడు. ఎవడో చెప్పను. నిన్న గ్రూపులో తప్పు రాసింది కూడా వాడే.

ఎస్తేరు గారు నవ్వలేదు. దిద్దలేదు. గ్లాసు పట్టుకుని అలాగే ఎదురుచూశారు, బోలెడంత టైమ్ ఉన్నట్టు.

నా మెడ వెనక చెమట పట్టింది.

నాగమణికి జ్వరం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది.

"మీరొకసారి ఆమెకు ఫోన్ చేయండి" అని అడిగాను.

"నేను పిలిస్తే నాకోసం వస్తుందండీ. కూర్చోవాల్సింది మీ క్లాసులో కదా!"

మంగళగిరి బస్సెక్కాను. నాగమణి మగ్గం దిగి వచ్చింది.

"జ్వరం తగ్గిందా?"

"తగ్గిందండీ."

"చుట్టాలు వెళ్లారా?"

"ఎల్లారండీ."

"మరి?"

తల వంచుకుంది. "నోరు తెరిస్తే తప్పేనని ఇంటికాడ మా మరిది రోజూ చెప్తానే ఉన్నాడండీ. దానికోసం బస్సెక్కి అంత దూరం రావాలా అండీ?"

ముప్పై మూడేళ్ల సర్వీసులో ఏ స్టూడెంట్‌తోనూ అనని మాట ఆ గుమ్మంలో అన్నాను. "తప్పు నాదమ్మా. ఈసారి నువ్వు ఆపేదాకా నేను నోరెత్తను."

వచ్చింది.

జరీ అంచు గురించి ఆరు నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. పద్నాలుగు తప్పులు. దిద్దడం మానాను గాని, లెక్కపెట్టడం మానలేకపోయాను. కానీ చివరికి ఆ చీర ఎలా ఉంటుందో క్లాసులో అందరికీ తెలిసింది. మైలవరం నుంచి వచ్చే ఒకావిడ "హౌ మచ్?" అని కూడా అడిగింది.

క్లాసయ్యాక ఎస్తేరు గారు నాకు మంచినీళ్లు తెచ్చిచ్చారు. "కష్టమైందా అండీ?"

"చచ్చాననుకోండి."

ఆవిడ పగలబడి నవ్వడం అదే మొదటిసారి చూశాను.

కిందటి నెల బెంగళూరు నుంచి కాల్ వస్తే మరిది ఫోన్ కోసం చెయ్యి చాచాడట. "ఉండరా, నేను మాట్లాడతా" అందట నాగమణి. నాకు చెప్పినప్పుడు ఆమె గొంతు వినాల్సింది మీరు.

ముప్పై మూడేళ్లలో ఎంతమంది పిల్లల నోళ్లు మూయించానో! వాళ్లందరినీ వెతికి పట్టుకోలేను. కానీ అరవై ఏడో ఏట నన్ను మళ్లీ టీచర్‌ని చేసిన మనిషికి థాంక్స్ చెప్పొచ్చు కదా. ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు. "ఊరుకోండి భారతి గారూ" అంటారని.

ఇప్పుడు అనండి చూద్దాం.

ఎస్తేరు గారూ, ఇన్నేళ్లూ వెనక కూర్చుని అందరి మాటా విన్నారు. మీ ప్రభువు దగ్గరైనా ముందు వరసలో కూర్చుని మీరే మాట్లాడండి. హాయిగా, తీరిగ్గా. ఎవరూ ఆపరు.

కిరణ్, ఈ శనివారం క్లాసు ఉంది. ఆవిడ ఉంటే మానేవారు కాదు. స్టూడెంట్లు పదకొండు మందికీ నువ్వు ఫోన్ చెయ్యి. మెసేజ్ పెట్టకు. ముందు ఈ కబురు చెప్పు, తరవాత క్లాసు పదింటికని చెప్పు. మైలవరం ఆవిడకు ముందు చెయ్యి, ఆవిడ బస్సు తొందరగా బయల్దేరుతుంది.

తెలుగులోనే చెప్పు. వాళ్లు ఏమన్నా అంటే, మధ్యలో ఆపకుండా విను.