ఆదివారం ఆగే గడియారం

మామగారికి ఒక్కటే పిచ్చి. దేని లయ తప్పినా ఊరుకోలేరు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన చెయ్యి కదా, ఎవరు కనబడినా మణికట్టు పట్టేసుకుంటారు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు నాడి చూసి, "నూట పది! ఇంకోసారి ఆలోచించుకో నాయనా" అన్నారు.

అలాంటి మనిషికి అల్లుడి ఇంట్లోని గోడగడియారం మాత్రం కొరకరాని కొయ్యయింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆగిపోయేది. ఆయన స్టూలుతో సహా దిగబడేవారు. బస్సు డ్రైవరైన అల్లుడు అప్పుడే గురక అందుకునేవాడు, కిటికీలు అదిరేలా.

ఓసారి ఉలిక్కిపడి లేచాడు.

"నా చెయ్యెందుకు పట్టుకున్నారు మామయ్యగారూ?"

"గడియారం అనుకున్నాను."

"అది గోడమీద కదండీ ఉంది!"

"అందుకే, పొరపాటు."

అల్లుడికి ఒళ్ళు మండింది. "మా మామగారికి చెయ్యి పడిపోయింది, ఒక్క గడియారం బాగుచెయ్యలేరు" అని డిపో అంతా టముకు వేశాడు. ఆయన మాత్రం నవ్వేసి ఊరుకున్నారు.

ఆరో ఆదివారం జేబులోంచి ఒక చిట్టా తీశారు. "కోప్పడకండి అల్లుడుగారూ. నిద్రలో మీ ఊపిరి ముప్ఫై సెకన్లు ఆగుతోంది. నాడి నలభై ఐదుకి పడుతోంది. గాలి పీల్చగానే నూటపదికి ఉరుకుతోంది."

"నేనేమన్నా గడియారాన్నా?"

"అయితే ఈపాటికి విప్పి చూసేవాణ్ణి. డాక్టరు దగ్గరికి పదండి."

డాక్టరు నిద్ర పరీక్ష చేయించాడు. "ఊపిరి ఆగితే నరాలు గుండెకు కళ్ళెం లాగుతాయి, ఉలిక్కిపడితే కొరడా ఝళిపిస్తాయి. రోజూ ఇదే తంతయితే గుండె లయ చెడుతుంది. స్టీరింగు దగ్గర కునుకు పడితే బస్సూ పోతుంది. ఇంత లెక్క ఎవరు రాశారండీ?"

నిద్రలో గాలి అందించే మాస్కు ముఖానికి వచ్చింది, గురక పోయింది. చిత్రంగా గడియారమూ ఆగడం మానేసింది.

"దానికేం రోగం?" అంది భార్య. "మీ ఊపిరి ఆగినప్పుడల్లా నా ప్రాణం పోయేది. డాక్టరంటే మీరు ఇంతెత్తున లేస్తారు. అందుకే నాన్న, 'ఆదివారం బ్యాటరీ తీసెయ్యమ్మా, నేనొస్తా' అన్నారు. తన పరువు పోతే పోనీ అన్నారు."

డిపోలో తానన్న మాటలు గుర్తొచ్చి అల్లుడికి తల కొట్టేసినట్టయింది. మర్నాడే డిపోకెళ్ళి ఆ మాటలన్నీ వెనక్కి తీసుకున్నాడు. ఆదివారం రాగానే తనే స్టూలెక్కి బ్యాటరీ తీసి ఫోను చేశాడు.

"మామయ్యగారూ, గడియారం మళ్ళీ ఆగిందండీ. మీరు తప్ప దాన్నెవరూ బాగుచెయ్యలేరు."

మామగారు వచ్చారు. గోడవైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా అల్లుడి మణికట్టు పట్టుకున్నారు.

"డెబ్బై రెండు. బాగుంది," అని రెండో చెయ్యి చాపారు. "ఇక ఆ బ్యాటరీ ఇటివ్వండి."