నోటితో ఎక్కిన కొండ

మొన్న ఆదివారం కోట దగ్గర టీ కొట్టులో నిలబడి ఉంటే, వీపులకి సంచులు తగిలించుకున్న ఒక జంట వచ్చి మా వైపు కొండకి దారి ఎటని అడిగారు. కొట్టులో ఉన్న నలుగురూ ఒక్కసారే నా మీదికి వేళ్ళు చూపించారు. నేను గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకుని, జీడితోట ఎక్కడ ముగుస్తుందో, దారి ఎక్కడ నిటారుగా లేస్తుందో, ఏ మలుపులో గాలి నెత్తిమీద టోపీని లాక్కుపోతుందో, అన్నీ వివరంగా చెప్పాను. వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాక నాకే చిత్రంగా అనిపించింది. చెప్పినదాంట్లో ఒక్క ముక్కయినా అబద్ధం లేదు. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ. మూడు చలికాలాల కిందటి వరకూ ఆ కొండని నేను నోటితో తప్ప కాళ్ళతో ఎక్కి ఎరగను మరి.

నోటితో ఎక్కడం మాత్రం పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాను. కాలేజీ స్నేహితులంతా విజయనగరం నుంచి బస్సెక్కి ఆ కొండకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను, కొండ కింది దాకా. నాకు ఎత్తు అంటే పడదు. ఈనాటికీ మా ఇంట్లో బల్బు మార్చేది మా ఆవిడే. నేను స్టూలు పట్టుకుంటాను, అదీ కళ్ళు మూసుకుని. ఆ రోజు వంట సామాన్లకి కాపలా ఉంటానని చెప్పి జీడిచెట్టు కింద పడుకున్నాను. సాయంత్రం వాళ్ళు దిగివచ్చి వెక్కిరించబోతుంటే, తట్టుకోలేక, మీరటు వెళ్ళగానే నేను ఇటు అడ్డదారిన పైకి వెళ్ళి ఎలుగుబంటిని చూసి వచ్చానన్నాను. నమ్మారు. అదే తప్పయింది. మొదట్లో నేను చూసింది ఎలుగుబంటి వీపు మాత్రమే. నా పెళ్ళి నాటికి అదీ నేనూ ఒకే బండ మీద కూర్చుని పకోడీలు పంచుకున్నాం. మా మేనకోడలు పుట్టేసరికి అది వెళ్తూ వెళ్తూ నా ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పే స్థాయికి వచ్చింది.

ఆ మేనకోడలే నాకు అసలైన శ్రోత. మా చెల్లెలి కూతురు. నాలుగేళ్ళప్పటి నుంచి నా తొడ మీద కూర్చుని, నోరు తెరుచుకుని, ఆ కథని ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు. దాని తండ్రి, అంటే మా బావ, శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఏ కాగితాన్నీ తిరగేసి చూడకుండా నమ్మని మనిషి. నన్నూ అలాగే చూసేవాడు. మూడేళ్ళ కిందట పిల్ల ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదువుతూ స్నేహితురాళ్ళతో కొండలెక్కడం మరిగింది. ఒక రాత్రి ఫోన్ చేసి, "మావా, ఈ ఆదివారం నీ కొండెక్కుదాం. దారి నువ్వే సూపించాల," అంది. మోకాలు నొప్పన్నాను. బీపీ అన్నాను. దగ్గరివాళ్ళ పెళ్ళి ఉందన్నాను. మూడూ అయ్యాక వెనక నుంచి మా బావ గొంతు వినబడింది: "ఎందుకు రాడే? అక్కడ మీ మావకి సుట్టం ఉన్నాది కదా, నల్లగా, బొచ్చుతోటి! రాకపోతే మాత్రం మన సుట్టాలందరికీ నేనే ఫోన్లు సేస్తాను."

చుట్టాలు నవ్వితే నవ్వారు, అలవాటే. ఆ పిల్ల ముందు మాత్రం వట్టి కోతలరాయుడుగా మిగలడం నాకు ఇష్టం లేదు. వెళ్ళాను.

కొండ కింద జీడితోట పూతకి వచ్చి ఉంది. ఆ తియ్యటి ఘాటు వాసనకి నాకు మళ్ళీ నిద్ర ముంచుకొచ్చింది, ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చినట్టే. అక్కడ తోటకి కాపలా ఉండే ముసలమ్మ ఒకతె మమ్మల్ని ఆపింది. "కొత్తోలైతే కిందనుంచి ఓ రాయట్టుకెల్లి పైన కుప్పలో ఎయ్యండి బాబూ. పాతోలు కాలీ సేతుల్తో ఎల్లాల. అబద్దమాడి ఎక్కినోడి కాలు కొండ మెలిపెట్టేస్తాది." ఈ ఆచారం గురించి నేను వినలేదు. నా కథలో రాళ్ళ కుప్పే లేదు. బావ వంగి ఒక రాయి తీసుకున్నాడు. పిల్లా తీసుకుంది. ముసలమ్మ నా వైపు చూసింది. "మావకక్కర్లేదు, మావ పాతోడు," అంది పిల్ల. నేను చేతులు రెండూ పైకెత్తి చూపించి, ఆ ఊపులోనే ముసలమ్మకి ఎలుగుబంటి సంగతి టూకీగా చెప్పాను. ఆవిడ వక్క నములుతూ విని, "ఇక్కడ నక్కలే, బాబూ," అంది.

తోట దాటేదాకా ముందు నేనే నడిచాను. దారి తెలిసినవాడు ఎలా నడవాలో నాకు బాగా తెలుసు. చేతులు వెనక్కి కట్టుకోవాలి, మధ్యమధ్య ఆగి చెట్లని పాత స్నేహితుల్లా చూడాలి. దారి రెండుగా చీలిన ప్రతిచోటా "అప్పట్లో ఇది లేదు" అనేవాణ్ణి. నాలుగోసారి మా బావ, "ఏటి బావా, కొండలు కూడా ట్రాన్స్‌ఫర్లయిపోతాయేటి?" అన్నాడు. అంతలో మట్టి దారి అయిపోయి నున్నటి రాతిబండ మొదలైంది. పక్కన గోడ లేదు, కొమ్మ లేదు, గాలి ఒక్కటే ఉంది. కిందకి చూశాను. మేము వచ్చిన కారు పెసరగింజంత ఉంది. ముసలమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. నేను దేవుళ్ళతో అబద్ధమాడిన సందర్భాలున్నాయి గానీ, కాలి కింద ఉన్న కొండతో ఎప్పుడూ ఆడలేదు. చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి, గుప్పిట్లో పట్టే రాయొకటి ఏరి లాల్చీ జేబులో వేసుకున్నాను. తర్వాత చెప్పులు విప్పి చేత పట్టుకుని, నాలుగు కాళ్ళ మీద ఎక్కాను. "ఎలుగుబంటి దగ్గర నేర్సుకున్నావేటి?" అని బావ వెనక నుంచి అరిచాడు. నేను పాకుతూనే ఉన్నాను.

పైకి చేరేసరికి బావ ఇరవై అడుగుల కింద కూలబడి చోడి అంబలి తాగుతున్నాడు. రాళ్ళ కుప్ప నడుమెత్తు ఉంది. ఇదే అదను అనుకుని కుప్ప వెనక్కి వెళ్ళి జేబులో చెయ్యి పెట్టాను. తల ఎత్తితే ఎదురుగా పిల్ల. దాని అరచేతిలో రెండు రాళ్ళున్నాయి.

"ఒకటి నాది, ఒకటి నీది మావా. నువ్వు ముసలమ్మతో మాటల్లో ఉంటే తీసేసేను."

నేను మెల్లగా నా రాయి బయటికి తీశాను. అది చూసి పడీపడీ నవ్వింది. "అది సెల్లదు. సగం దార్లోది."

"ఎప్పట్నుంచే తెలుసు నీకు?"

"పదేళ్ళప్పట్నుంచి. నువ్వూ ఎలుగుబంటీ కూకుని, సాయంత్రం సూర్యుడు సముద్రంలో ములిగిపోడం సూసేమని సెప్పేవు. మన సముద్రంలో సూర్యుడు పొద్దున్న లేస్తాడు గానీ, ములుగుతాడేటి మావా?"

తూర్పున దూరంగా, మబ్బుకీ నేలకీ మధ్య వెండిగీతలా సముద్రం మెరుస్తోంది. ఇన్నేళ్ళూ ఎంతమందికి చెప్పానో ఆ సూర్యాస్తమయం! ఒక్కరూ అడగలేదు. తెలిసీ పన్నెండేళ్ళుగా ఎందుకు చెప్పించుకున్నావే అనబోయాను. అంతలోనే అది కింది నుంచి తెచ్చిన నా రాయిని నా చేతిలో పెట్టి, "బేగి ఎయ్యి, నాన్నొచ్చేస్తన్నాడు," అంది. వేశాను. రాయి మీద రాయి పడ్డ చప్పుడు చాలా చిన్నది.

బావ రొప్పుతూ పైకి వచ్చి తన రాయి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు. "ఊఁ, బావా. ఎక్కడ కూకున్నాదేటి మీ సుట్టం?"

చేతికి అందినంత దూరంలో ఇరవై బండలున్నాయి. ఏదో ఒకటి చూపిస్తే సరిపోయేది. నోరు తెరిచాను, అబద్ధం రాలేదు. నా జీవితంలో అంతకన్నా భయపడ్డ క్షణం లేదు. అప్పుడు పిల్ల చెయ్యి చాపి, "అదిగో, ఆ వారన బండ మీద నాన్నా," అంది, కనురెప్ప కూడా వెయ్యకుండా. "గోళ్ళు గీసిన గీతలు కూడా ఉన్నాయి, సూడు. మావ ఇటు కూకున్నాడు, అది అటు. ముందు మావ పకోడీ ఒకటి దాని ముందర పెట్టేడంట..." మా బావ, ఏ కాగితాన్నీ నమ్మని మా బావ, ఆ బండ దగ్గరికి వెళ్ళి వంగి గీతలు చూశాడు.

పిల్ల కథ చెబుతూనే ఉంది. నా కన్నా బాగా చెప్పింది. ఎలుగుబంటికి నేను ఎన్నడూ ఇవ్వని దగ్గు ఒకటి పెట్టింది. నేను కొండ అంచుకి రెండడుగుల దూరంలో కూర్చున్నాను, కళ్ళు తెరుచుకునే. కింద వరి కోసిన మళ్ళు, వాటి మీదుగా నెమ్మదిగా కదిలే మబ్బు నీడలు. ముప్ఫై ఏళ్ళకి పైగా నేను చెప్పుకుంటూ వచ్చిన రోజు అది. జరగడానికి అంతకాలం పట్టింది.