చీమ వంతు వచ్చేసరికి

కృత్తివెన్ను అవతల, సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయా కనకరత్నం. ఆమె కాచే సాంబారు ఉత్త నీళ్లు. ఆ మాట మొహం మీదే అనేస్తాను. కానీ రాజుగారి కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎందుకు ఎండలేదో, ఆ కథ ఆమెలా చెప్పడం మాత్రం నావల్ల కాదు.

ఎవరి గోడు వాళ్లచేతే చెప్పిస్తుంది. "పొద్దుటి నుంచీ ఒకే పక్క పడేశారు, నన్ను తిప్పినవాళ్లేరీ?" అని చేప నిలదీస్తుంది. ఎండకు అడ్డం వచ్చిన గడ్డిమేటు, ఆవు మేస్తేగా తాను తరిగేదని విసుక్కుంటుంది. ఆవు పాలేరు మీద చెబుతుంది. పాలేరుకి ఆకలి. బువ్వ పెడదామంటే అవ్వ చంకలో పాప ఒకటే ఏడుపు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. సరిగ్గా పాప నోరు విప్పే చోట కనకరత్నం లేచి, "అన్నం మాడుతోంది" అంటూ వెళ్లిపోతుంది. పొయ్యి వెలిగించని రోజూ అదే మాట.

కారణం ఊరంతటికీ తెలుసు. పన్నెండేళ్ల కిందట ఆమె నాలుగేళ్ల కూతురు శ్రీదుర్గ, చేపలు ఎండబెట్టే చోటే పాము కరిచి చనిపోయింది. బందరు ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే, పెడన దాటకముందే ప్రాణం పోయింది. తల్లి దూరంగా ఉందని, గాలి హోరులో పిల్ల ఏడుపు వినబడలేదని అందరూ అంటారు. నేనూ అదే నమ్మాను.

మొన్న సోమవారం నిస్సీ అనే పిల్ల, చీమ ఏమందో చెప్తేగానీ అన్నం తిననని పేచీ పెట్టింది. నాకు ఒళ్లు మండింది. "పన్నెండేళ్లయింది ఆయమ్మా! ఇవాళ చీమ దాకా చెప్పాల్సిందే" అని అరిచాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

లేవబోయిన కనకరత్నం మళ్లీ కూర్చుంది. పాప గొంతుతో, "చీమ కుట్టింది" అంది. చీమ గొంతుతో, "నేను కుట్టలేదు. నామీద పెట్టకండి" అంది. పిల్లలు తప్పు, తప్పని గోల చేశారు.

వాళ్లు ఇళ్లకు వెళ్లాక, గిన్నెలు తోముతూ తనే మొదలుపెట్టింది.

"కథలో అందర్నీ అడిగారు టీచరు గారూ. కన్నతల్లిని మాత్రం ఎవరూ అడగరు. మా ఆయన బంగార్రాజూ అంతేనండి. వేట నుంచొచ్చి బిడ్డ మీద పడి ఏడ్చాడు గానీ, అప్పుడు నువ్వెక్కడున్నావే అని ఒక్క మాట అడగలేదు. ఎప్పటికైనా అడుగుతాడని చూశాను. పోయిన శ్రావణంలో ఆయనా పోయాడు."

నేను ఊరుకోలేకపోయాను.

"అడిగుంటే ఏం చెప్పేదానివి?"

చేతిలో గిన్నె కింద పెట్టింది.

"ఏడుపు వినబడిందని చెప్పేదాన్నండి. మబ్బు కమ్ముకొచ్చింది, ఎండబెట్టిన మెత్తళ్లు తడిసిపోతాయని గబగబా ఎత్తుతున్నాను. చీమ కుట్టి ఉంటుందిలే అనుకున్నాను. పట్టా కప్పాకే వెళ్లాను."