బాప్టిస్టుల్లో లూథరన్ అత్త

ఆ బాప్టిస్టు సంఘంలో అందరూ ఆమెను లూథరన్ అత్త అనే పిలుస్తారు. పెళ్లయి వచ్చి జుట్టు నెరిసినా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆదివారం అందరూ రొట్టె విరిచి పంచుకునే ప్రభువు బల్ల అయ్యాక, ద్రాక్షారసం పోసిన చిట్టి గ్లాసులన్నీ వెనక గదిలో కడిగి, తుడిచి, ట్రేలో బోర్లించేది ఆమే. వాటిలో ఒక్క గుక్క తాగిన పాపాన మాత్రం పోలేదు.

కారణం పెద్ద దేవరహస్యమేమీ కాదు. లూథరన్లు చంటిపిల్లల నెత్తిన నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు అది బాప్తిస్మమే కాదంటారు. బుద్ధి తెలిశాక, నమ్మి, నిలువునా మునగాలి. మునగనివాళ్లకు ఈ సంఘంలో బల్ల లేదు. ఇద్దరూ ప్రొటెస్టెంట్లే, ఇద్దరిదీ ఒకే బైబిలు. పేచీ అంతా నీళ్ల దగ్గరే.

"మళ్లీ మునిగితే, నా చిన్నప్పటి బాప్తిస్మానికి మా నాన్న నన్నెత్తుకుని నిలబడ్డది ఉత్తిదైపోదూ?" అనేది ఆమె. ఆ నాన్న ఆమెకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన తనను ఎత్తుకున్నట్టు ఆమె విన్నది ఆ ఒక్కసారి గురించే.

భర్త ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే మనిషి. ఏనాడూ బలవంతపెట్టలేదు. ట్రే వస్తే తన రొట్టె ముక్క తీసుకుని, ఆమె ఒడి మీదుగా అవతలివాళ్లకు అందిస్తూ "మొండిఘటం" అని గొణిగేవాడు. ఆ మాట కోసమే ఆమె కాచుక్కూచునేది.

ఆయన మంచం పట్టాక పాస్టరు రొట్టె ఇంటికే తెచ్చాడు.

"దానికీ కాస్త పెట్టండి అయ్యగారూ," అన్నాడు భర్త.

పాస్టరు మంచివాడే. నీళ్లు నమిలాడు. "సంఘం ఒప్పుకోదు మావయ్యా."

"అయితే నాకూ వద్దు."

"నా మూలంగా మీరు మానేయడమేంటి? తినండి," అని ఆమె బతిమాలింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

తను ఒక్కసారి మునిగి ఉంటే ఆయన తినే వెళ్లేవాడు కదా అన్న బాధ ఆమెను నిలవనివ్వడం లేదు. ఇప్పుడు ట్రే నేరుగా ఆమె చేతికే వస్తుంది. పక్క కుర్చీ ఖాళీ. లేచి, చెయ్యి బాగా చాపితేగాని అవతలివాళ్లకు అందదు.

పోయిన ఆదివారం పాస్టరు వెనక గదిలోకి వచ్చాడు.

"అత్తా, ఈసారైనా మునగండి. మిమ్మల్నలా చూడలేకపోతున్నాం."

ఆమె తుడుస్తున్న గ్లాసు పక్కన పెట్టింది.

"ఆయన పక్కనున్నప్పుడే మునగలేదు అయ్యగారూ. ఇప్పుడు మునిగి ఎవరితో కలిసి తినను?"