ఎర్ర పెన్సిల్

చట్టాల ముసాయిదాలు సరిచూసే ఆఫీసులో ఆయన్ని అందరూ పెన్సిళ్ల గుమాస్తా అంటారు. కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోడు. కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. కొత్త నిబంధన పాతదానితో పొసగలేదంటే చాలు, రెండు కాగితాలూ పట్టుకుని కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతాడు. మాటలు వేరైనా రెండింటినీ పాటించే దారి ఉంటే అది ఉత్త పొంతనలేమి, నీలం గీత. ఒకటి పాటిస్తే రెండోదాన్ని మీరక తప్పకపోతే అది వైరుధ్యం, ఎర్ర గీత. ముప్ఫై ఏళ్లలో నీలం పెన్సిళ్లు డజన్లకొద్దీ అరిగిపోయాయి. ఎర్రది మాత్రం ఇంకా మొదటిదే, జేబులో ఉంది. "వెతికితే దారి దొరుకుతుందయ్యా, బద్ధకించకు," అని కొత్తవాళ్లని కసురుతాడు.

నిన్న సాయంత్రం ఆసుపత్రిలో, భార్య మంచం పక్కన గోడకి అంటించిన కాగితం మీద రెండు నిబంధనలు చదివాడు. రోగి దగ్గర ఇంటివాళ్లు ఒకరు ఎప్పుడూ ఉండాలి. ఆరు దాటాక ఆడవాళ్ల వార్డులో మగవాళ్లు ఉండకూడదు. చదివిన దగ్గర్నుంచీ స్టూలు మీద మోకాలు ఊగుతూనే ఉంది. ఆరుంబావుకి నర్సు వచ్చి ఇక బయల్దేరమంది.

"ఈ రెండూ ఎలా కుదురుతాయమ్మా?"

"ఎందుక్కుదరవండీ? మీ ఇంట్లో ఆడవాళ్లనెవర్నైనా పంపండి, సరిపోతుంది."

తను ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న మాటే. నీలం గీతే.

ఆయన మోకాలు ఆగింది. "మా ఇంట్లో ఆడమనిషంటే ఈవిడేనమ్మా," అన్నాడు. జేబులోంచి పెన్సిల్ తీసి, ఆ రెండు వాక్యాల కిందా ఎర్రగా గీసి, స్టూలు మంచానికి ఇంకాస్త దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.